పెద్ద టైర్ల జీపు కొండ దిగాలంటే

ఉద్యోగం మానేశాక కూడా వారానికి ఒకరిద్దరు మా ఇంటి గేటు ముందు జీపు ఆపి హారన్ కొడతారు. ఎక్కువ మంది కుర్రాళ్ళు. పాత జీపు కొని, చక్కగా రంగు వేయించి, నడుము ఎత్తు టైర్లు బిగించి ఉంటారు. "సార్, టైర్లు మార్చినప్పటి నుంచి బండి లాగడం లేదు. ఏ రేషియో వేయించమంటారు?" అని అడుగుతారు. నేను ఒక అంకె చెబితే రాసుకుని పోదామని వాళ్ళ ఆలోచన. నేను మాత్రం, "ఈ బండిని ఎక్కువగా ఎవరు నడుపుతారు? బరువుతో పైకి పోతుందా, కిందికి వస్తుందా?" అని అడుగుతాను. కొందరికి అది ముసలాయన చాదస్తంలా కనిపిస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చిత్తూరులో వేలూరు రోడ్డు మీద ఒక వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళకు పైగా హౌసింగ్ పని చూశాను. హౌసింగ్ అంటే వెనక చక్రాల నడుమ కుండలా ఉబ్బి కనిపించే ఇనుప గూడు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండికి ముందు కూడా ఒకటి ఉంటుంది. మా పనంతా ఆ గూడు లోపలే.

లెక్క చిన్నదే

ముందు లెక్క చెప్పేస్తాను, అది తొందరగా అయిపోతుంది.

ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది పినియన్. దాని పళ్ళతో తిరిగే పెద్ద చక్రం క్రౌన్. క్రౌన్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. మా షాపులో మాత్రం భాగించి చెప్పుకునేవాళ్ళం కాదు, పళ్ళనే చెప్పుకునేవాళ్ళం. పదకొండు–నలభై ఐదు అంటే షాఫ్టు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఎనిమిది–ముప్పై తొమ్మిది అంటే దాదాపు ఐదు చుట్లకు ఒకటి. ఎనిమిది–నలభై మూడు అంటే ఐదు దాటి ఇంకొంచెం. చుట్లు ఎక్కువయ్యేకొద్దీ బండికి లాగే బలం పెరుగుతుంది, పరిగెత్తే వేగం తగ్గుతుంది.

టైరు పెద్దదైతే చక్రం ఒక చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. అదే ఇంజను అదే బలంతో ఎక్కువ దూరం నెట్టాలి కాబట్టి బండి ఎత్తు మీద మూలుగుతుంది. టైరు ఎన్నో వంతు పెరిగిందో రేషియోను కూడా అదే వంతు పెంచితే బండి మళ్ళీ పాత బండే అవుతుంది. లెక్కంతా ఇంతే. ఇప్పుడు ఫోనులో టైరు సైజు కొడితే జవాబు వచ్చేస్తుంది.

లెక్క చేయడం కష్టం కాదు. ఆ లెక్కలో ఏ సంగతులు పెట్టాలో తెలియడమే కష్టం.

ఏలుమలై మేస్త్రీ

మా షాపు యజమాని ఏలుమలై మేస్త్రీ. నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి చేరేటప్పటికే ఆయన ఈ పనిలో పేరున్న మనిషి. అరవం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. కోపిష్టి. స్పానర్ కింద పెట్టే చప్పుడును బట్టి ఆ రోజు ఆయన దగ్గరికి పోవచ్చో లేదో మాకు తెలిసిపోయేది. కొన్ని విషయాల్లో ఆయనది తప్పేనని ఇప్పటికీ అంటాను. కొత్త పరికరాలు కొననిచ్చేవాడు కాదు. కొండ బండి అనగానే అందరికీ ఎనిమిది–నలభై మూడే వేసేయమనేవాడు, బండి కొండ మీద ఎంతసేపు ఉంటుందో అడిగేవాడు కాదు. దాని మీద నాకూ ఆయనకూ చాలాసార్లు మాటా మాటా పెరిగింది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నవీ ఉన్నాయి. టైరు మీద అచ్చేసిన సైజును ఆయన నమ్మేవాడు కాదు. బండిలో బరువు పెట్టించి, టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గీత గీసి, బండిని ముందుకు నెట్టించి, ఆ గీత మళ్ళీ నేలను తాకిన చోటికి టేపు పట్టేవాడు. బరువు పడ్డ టైరు అచ్చులో చెప్పినంత ఎత్తు ఉండదు. మన లెక్కలోకి రావాల్సింది నేల మీద కొలిచిన దూరమే.

కాంతమ్మ జీపు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మామిడి కోతలు ఇంకా మొదలు కాని రోజుల్లో బంగారుపాళ్యం వైపు నుంచి ఒక జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. వెనక భాగం ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. టైర్లు కొత్తవి, పెద్దవి.

యజమాని చెంగల్రాయుడు. యాభై దగ్గరి మనిషి. గుట్ట వాలులో ఆయనకు బెంగుళూర అనే రకం మామిడి తోట ఉంది. ఆయన భార్య కాంతమ్మ కూడా వచ్చింది. తోట పని చూసేదీ, కూలీలను ఎక్కించుకుని గుట్ట మీదికి జీపు తోలేదీ ఆమేనట. చెంగల్రాయుడు గుజ్జు ఫ్యాక్టరీల చుట్టూ, బెంగుళూరు మండీల చుట్టూ తిరిగే మనిషి. ఆయన కూడా అదే జీపులో హైవే మీద పోయేవాడు.

"ఏమీ లేదు మేస్త్రీ," అన్నాడు చెంగల్రాయుడు. "ఈమె క్లచ్చి సరిగ్గా తొక్కకుండా లో గేరు ఏసింది. బాక్సులో పళ్ళు ఊడిపొయినాయి. సేసిచ్చేయండి. సీజను దగ్గరికొచ్చేసింది."

కాంతమ్మ జీపు వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

జరిగింది ఇది. గుట్ట మీద రాళ్ళ వాలు ఎక్కుతూ ఆమె ఫోర్ వీల్ వేసి లో గేరులో పోతోంది. వెనక తోట కూలీలు, రాబోయే కోతల కోసం పైకి చేర్చే ఖాళీ క్రేట్లు. సగం ఎక్కేసరికి కింద పెద్ద శబ్దం వచ్చి బండికి పట్టు పూర్తిగా పోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలకు బలం అందడం లేదు. జీపు వెనక్కి దొర్లింది. బ్రేకు తొక్కినా ఆగలేదు. కాంతమ్మ స్టీరింగు తిప్పి బండి వెనక భాగాన్ని గట్టుకు కొట్టి ఆపింది. అంతలో మునెమ్మ అనే కూలీ భయపడి దూకింది. కాలు విరిగింది. విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు.

"మునెమ్మ మా తోటకు నేను కాపురానికొచ్చినప్పటి నుంచి వస్తాండాదన్నా," అంది కాంతమ్మ నాతో, భర్త టీ తాగడానికి బయటికి పోయినప్పుడు. "ఆ పొద్దు నుంచి నేను స్టీరింగు ముట్టలేదు. గేరు సరిగ్గానే ఏసినట్ల గుర్తు. ఏమో, ఏసినానో లేదో ఇప్పుడు నాకే తెలవడం లేదు."

చక్రం తిప్పి చూశాం

ట్రాన్స్‌ఫర్ బాక్సు విప్పాం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలాన్ని పంచే పెట్టె అది. లోపల పళ్ళు నలిగి, విరిగి ఉన్నాయి. క్లచ్ తప్పుగా తొక్కి గేరు వేస్తే పళ్ళ అంచులు చెక్కుకుపోతాయి. ఇక్కడ పళ్ళు మొదలుకంటా తెగాయి. చాలాసేపు మెలిపడి, ఓర్చుకోలేక తెగిన పళ్ళు ఇవి.

మేస్త్రీ ఒక పన్ను ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఇది గేరు ఏసిన దెబ్బ కాదప్పా," అన్నాడు. "జాకీలు పెట్టు. ముందరా ఎనకా లేపు."

జీపును నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తాం. ముందు షాఫ్టు మీద సుద్దతో గీత గీశాను. మేస్త్రీ కాంతమ్మను పిలిచాడు.

"అమ్మా, ఈడ కూర్చో. ఈ గీతను సూస్తా ఉండు. మేము చక్రాలు ఒక్క చుట్టు తిప్పుతాం. షాఫ్టు ఎన్నితూర్లు తిరిగిందో నువ్వే సెప్పల్ల."

ఆయనొక పక్క, నేనొక పక్క రెండు చక్రాలనూ కలిపి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాం. ఆమె వంగి చూసి, "నాలుగు, ఇంగ కొంచెం," అంది. తర్వాత వెనక్కి పోయి అదే పని చేశాం. ఆమె లెక్కపెడుతూ నాలుగు దాటింది, ఐదు దాటింది. ఇంకా కొంత తిరిగాక చక్రం ఆపాం.

"ఇది ఐదు దాటిపొయింది కదన్నా," అంది.

టీ తాగి వచ్చిన చెంగల్రాయుడు అక్కడే నిలబడి ఉన్నాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు తిరిగాడు. "ముందర ఒక లెక్క, ఎనక ఒక లెక్క. ఫోర్ వీల్ ఏస్తే ముందర చక్రం ఒక దూరం పోతానంటాది, ఎనక చక్రం ఇంగొక దూరం పోతానంటాది. రెండూ కొట్లాడుకుంటే నడుమ బాక్సే కదా తెగేది. ఎవురు సేసినారప్పా ఇట్ల?"

చెంగల్రాయుడు కొత్త టైర్ల వైపు చూశాడు. "టైర్లు మార్చినాక బండి ఎత్తు ఎక్కలేదు," అన్నాడు. "వేరే ఊర్లో ఒక మెకానిక్కు, ఎనక క్రౌను మారిస్తే సాలు, ముందరది ఊరికే తిరుగుతాది అన్నాడు. నేను సరే అన్నాను."

"ఈ యమ్మకు సెప్పినావా?"

"లేదు."

కాంతమ్మ లేచి నిలబడింది. "అయితే ఆ పొద్దు నేను గేరు తప్పు ఎయ్యలేదా?"

"లేదమ్మా," అన్నాను. "ఆ బండిని ఆ వాలులో ఎవరు తోలినా తెగేదే. నువ్వు గట్టుకు తిప్పబట్టి ఒక్క కాలితో పోయింది."

ఆమె బయట కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంది. తిరిగి వచ్చాక భర్త వైపు చూసి నెమ్మదిగానే మాట్లాడింది. "ఈ మాట మునెమ్మకు నువ్వే సెప్పల్ల. నేను సెప్పను."

ఆయన తలూపాడు.

కొత్తవాళ్ళకు ఇక్కడొక మాట. ఫోర్ వీల్ బండికి రేషియో మారిస్తే ముందూ వెనకా రెండూ మార్చాలి. కస్టమరు బతిమాలినా ఒక్కటే చేసి పంపకండి. నున్నటి రోడ్డు మీద టూ వీల్‌లో అంతా బాగానే ఉన్నట్టుంటుంది. బండి మోసం చేసేది ఫోర్ వీల్ అవసరమైన చోటే, అంటే మనిషికి తప్పించుకునే దారి లేని చోటే.

మూడు మాటలు

ఇక ఏ రేషియో వేయాలన్నది మిగిలింది. నా మొదటి సలహా, పెద్ద టైర్లు తీసేయమని. ఈ సలహా ఇవ్వడానికి ఇప్పటి షాపులు మొహమాటపడతాయి, మీరు పడకండి. కానీ కాంతమ్మే వద్దంది. పాత టైర్లకు గుట్ట మీది బండరాళ్ళు హౌసింగుకు తగిలేవట. ఈ టైర్లు వచ్చాక ఆ బాధ పోయిందంది. అది సరైన కారణమే.

మేస్త్రీ తన పాత మాటే అన్నాడు. "ఎనక ఎనిమిది–నలభై మూడు ఉండనే ఉండాది. ముందరా అదే ఏసేస్తే పనైపోతాది. కొండకు అదే మేలు."

చెంగల్రాయుడు ఒప్పుకోలేదు. "ఆ క్రౌను ఏసినప్పటి నుంచి హైవేలో ఇంజను అరస్తాండాది మేస్త్రీ. ఎనక లారీవాళ్ళు హారన్లు కొట్టి సంపుతాండారు. పాతదే రెండు పక్కలా ఏసేయండి."

నేను ఎనిమిది–ముప్పై తొమ్మిది అన్నాను. స్టెప్నీగా పాత టైరు ఇంకా బండిలోనే ఉంది. దాన్నీ కొత్తదాన్నీ బరువు పెట్టి నేల మీద దొర్లించి కొలిచాను. టైరు ఆరో వంతుకు కొంచెం ఎక్కువ పెరిగింది. బండికి మొదట ఉన్న పదకొండు–నలభై ఐదును అంత పెంచితే దొరికే వాటిలో దగ్గరిది ఎనిమిది–ముప్పై తొమ్మిదే. పైగా క్రౌన్ సైజు మారకుండా రేషియో పెంచుతూ పోతే, పళ్ళు ఎనిమిదే అయినా పినియన్ చిన్నదవుతుంది. చిన్న పినియన్ మీద ఇంత పెద్ద టైరు బరువు వేయడం నాకు నచ్చలేదు.

ముగ్గురం మూడు మాటల మీదే ఉన్నాం. అప్పుడు మేస్త్రీ ఒక మంచి పని చేశాడు. బాక్సు బాగు చేయించి, ముందు చక్రాలకు బలం పోకుండా ముందు షాఫ్టు ఊడదీయించి, వెనక ఎనిమిది–నలభై మూడుతోనే బండిని గుట్ట దగ్గరికి నడిపించాడు. కాంతమ్మను తోలమన్నాడు. ఆమె తోలనంది. "నువ్వు తోలే బండి ఇది. నేను తోలి సూసి ఏం తెలుసుకునేది?" అన్నాడాయన. ఆమె ఎక్కింది. నేను పక్కన కూర్చున్నాను. మేస్త్రీ, చెంగల్రాయుడు వెనక ఎక్కారు.

గుట్ట కింద రాళ్ళు లేని చోట కొంత దూరం ఎక్కి, ఇసుక మూటలు వేసుకుని దిగాం. బండి చాలా నెమ్మదిగా, గట్టి పట్టుతో దిగింది. తర్వాత హైవే ఎక్కాం. చెంగల్రాయుడు చెప్పింది నిజమే. లారీల వేగానికి పోయేసరికే ఇంజను గొంతు మారింది. ఫ్యాక్టరీ మలుపు దాకా కాంతమ్మ చేతులు స్టీరింగు మీద బిగుసుకునే ఉన్నాయి.

బండి పక్కకు ఆపాక ఆమెనే అడిగాను. "నీకు ఎట్లుంటే బాగుంటాదమ్మా?"

"ఎక్కేదానికి నాకు బయం లేదన్నా," అంది. "పైకి పొయ్యేటప్పుడు ఖాళీ క్రేట్లే కదా. కాయ ఏసుకుని దిగేటప్పుడే బరువంతా ఎనక నుంచి తోస్తాది. పాత టైర్లు ఉండేటప్పుడు బండి ఎట్ల దిగుతాండెనో నా కాలికి తెలుసు. యాడ బ్రేకు తాకల్ల, యాడ వదలల్ల, అంతా తెలుసు. అట్ల దిగితే సాలు నాకు."

అప్పటి దాకా మేమందరం ఎక్కడం గురించీ పరుగు గురించే మాట్లాడుకున్నాం. పెద్ద టైరు వేస్తే లాగడం తగ్గుతుందని అందరూ చెబుతారు. దిగేటప్పుడు ఇంజను పట్టి ఆపే బలం కూడా అంతే తగ్గుతుందని ఎవరూ చెప్పరు. ఆ లోటంతా బ్రేకుల మీద పడుతుంది. పెద్ద చక్రాన్ని ఆపడం బ్రేకులకు ముందే కష్టం. ఎనిమిది–ముప్పై తొమ్మిది వేస్తే ఆ పట్టు మళ్ళీ పాత బండికి ఉన్నంత వస్తుంది.

మేస్త్రీ వెనక నుంచి దిగి వచ్చాడు. "సరి, ఎనిమిది–ముప్పై తొమ్మిదే ఏద్దాం," అన్నాడు. "బ్రేకులు నాలుగూ ఇప్పేసి కొత్తవి ఎయ్యల్ల. దాంట్లో మాత్రం నా మాటే."

రంగు ముద్ర

కొత్త పళ్ళు బిగించడం గురించి రెండు మాటలు చెప్పాలి. క్రౌన్ పళ్ళకు పలచగా రంగు పూసి, చేత్తో తిప్పి, పినియన్ ఎక్కడ ఒరుసుకుందో ఆ ముద్ర చూస్తాం. ముద్ర పన్ను నడుమ పడాలి. అంచుకు పోతే పినియన్ వెనక పెట్టే పలచటి రేకులు మార్చి మళ్ళీ బిగించాలి. ఒక్కో హౌసింగుకు ఇది ఎన్నిసార్లయినా కావచ్చు. ముందు హౌసింగులో నాకు ముద్ర ఫరవాలేదనిపించింది. మేస్త్రీ టార్చి వేసి చూసి, "ఇది ఊరి లోపల తిరిగే కారుకు సాలు," అని విప్పించాడు. ఆయనది మొండితనం అని అప్పుడు విసుక్కున్నాను. ఈ పనిలో ఆ మొండితనం ఉండాలి. గూడు మూసేశాక లోపల ఏముందో చూసేవాడు ఉండడు.

పంపేటప్పుడు కాంతమ్మకు చెప్పాను, మొదట్లో కొన్నాళ్ళు బరువు వేయవద్దని, కొంత దూరం తిరిగాక ఆపి హౌసింగును చల్లారనివ్వమని, త్వరగా ఒకసారి ఆయిలు మార్పించమని. వేగం చూపే ముల్లు ఇక సరిగ్గా చూపదని, దాన్ని కూడా సరిచేయించమని చెప్పాను. ఆమె అన్నీ మళ్ళీ ఒకసారి అప్పజెప్పి తాళం తీసుకుంది. స్టీరింగు దగ్గరికి ఆమే పోయింది. చెంగల్రాయుడు పక్క సీట్లో కూర్చున్నాడు.

కోతల రోజుల్లో

పని చేసిన బండిని బరువుతో చూడకుండా ఆ పని అయిందని నేను అనుకోను. కోతలు మొదలయ్యాక ఒక సాయంత్రం తోటకు పోయాను. క్రేట్లు నింపి జీపులోకి ఎక్కిస్తున్నారు. మునెమ్మ చెట్టు కింద కాయలు ఏరుతోంది. కట్టు విప్పమని చెప్పే దాకా ఆగకుండా పనిలోకి దిగిందట, నడకలో కుంటు మిగిలిపోయింది. పొద్దున కూడా గుట్ట మీదికి జీపు ఎక్కకుండా నడిచే వచ్చిందని కూలీలు చెప్పారు.

దిగే వేళయింది. మిగిలినవాళ్ళు క్రేట్ల పక్కన సర్దుకున్నారు. మునెమ్మ టిఫిన్ క్యారియరు పట్టుకుని దారి పట్టింది. చెంగల్రాయుడు ఆమె దగ్గరికి పోయాడు. క్రేట్ల పక్కన ఉన్నవాళ్ళు అటు తిరిగి చూశారు.

"మునెమ్మా," అన్నాడు. "ఆ పొద్దు తప్పు కాంతమ్మది కాదు. బండిలోనే తప్పుండాది. అట్ల సేపించింది నేను. ఆమెకు కూడా సెప్పలేదు."

మునెమ్మ ఆయన మొహం చూసింది. "ఇన్ని దినాలకు సెప్తాండావే నాయనా," అంది. తర్వాత జీపు వైపు చూసింది. "బండి బాగానే దిగుతాండాదిలే. నాలుగు దినాలుగా సూస్తానే ఉండాను. నా కాలే ఎక్కనంటాండాది."

అని నడక మొదలుపెట్టింది. చెంగల్రాయుడు ఆమె చేతిలోని క్యారియరు అందుకుని పక్కనే నడిచాడు.

కాంతమ్మ లో గేరు వేసింది. నేను ఆమె పక్కన కూర్చుని ఆమె కాళ్ళనే చూశాను. వాలు మొదలయ్యాక రెండు పాదాలూ పెడళ్ళ మీద లేవు. నిండు కాయల బరువు వెనక ఉన్నా జీపు మనిషి నడక కంటే ముందుకు తోసుకుపోలేదు. ముందు మునెమ్మ కుంటుతూ పోతోంది. ఆమె ఆగితే కాంతమ్మ బ్రేకు మీద పాదం ఆనించేది, కదిలితే తీసేది. రాళ్ళ దగ్గర మాత్రం ఒకసారి స్టీరింగు గట్టిగా పట్టుకుంది. అవి దాటాక వెనక కూర్చున్నవాళ్ళు మాటల్లో పడ్డారు.

కింద తారు రోడ్డు తగిలిన చోట మునెమ్మ ఆగింది. జీపు వచ్చి పక్కన నిలబడింది. ఆమె కొంతసేపు ఊపిరి పీల్చుకుని, "ఇంగ సమంగా ఉండాది కదా దారి," అని నా సీటు వైపు వచ్చింది. నేను దిగి వెనక్కి పోయాను. ఆమె ఎక్కి కూర్చుంది.

ఆ సీజనంతా మునెమ్మ గుట్ట నడిచే దిగిందని, తారు రోడ్డు దగ్గర మాత్రం బండి ఎక్కేదని, ఆయిలు మార్పించడానికి వచ్చినప్పుడు కాంతమ్మ చెప్పింది. గుట్ట మీదే ఎక్కమని ఎప్పుడైనా తొందర పెట్టారా అని అడిగాను.

"తొందర ఎందుకన్నా," అంది. "బండి ఆమె ఎనకాలే వస్తాది కదా."